పాత గేమ్ యంత్రాలతో చేసే సంగీతం ఇంకా విడుదలవుతోందా? అసలైనదాన్ని ఎలా గుర్తుపట్టాలి?

అడిగిన మిత్రుని ప్రశ్న క్లుప్తంగా ఇది: నింటెండో సంస్థ చేసిన గేమ్ బాయ్ (చేతిలో పట్టుకుని ఆడేది), ఫామికామ్ (టీవీకి తగిలించి ఆడేది) వంటి పాత గేమ్ యంత్రాలతో చేసిన చిప్‌ట్యూన్ సంగీతం ఇప్పటికీ కొత్తగా వస్తోందా? ఆ పేరుతో వెతికితే దొరికేవన్నీ కంప్యూటర్‌లో చేసినట్టే ఉన్నాయి, నిజంగా యంత్రం మీద చేసినవి ఎక్కడ దొరుకుతాయి, ఎలా తెలుస్తుంది? ఇంట్లో అటక మీద చిన్నప్పటి క్యాసెట్ వీడియో గేమ్ ఉంది, దానికి ఇందులో ఏమైనా ఉపయోగం ఉందా?

ముందు సూటి జవాబు. వస్తోంది, ఎప్పుడూ ఆగలేదు. అయితే పెద్ద సంగీత యాప్‌లు వాటంతటవి మీ ముందు పెట్టే జాబితాల్లో అది అరుదుగా కనిపిస్తుంది. శైలి పేరుతో కాకుండా యంత్రం పేరుతో వెతకండి. కళాకారులు తమ ఆల్బములను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో ‘చిప్‌ట్యూన్’ అని కొడితే సముద్రం వస్తుంది. ‘గేమ్ బాయ్’ అనో, ‘ఎల్‌ఎస్‌డీజే’ అనో, ‘2ఏ03’ అనో, ‘సిడ్’ అనో కొడితే (ఇవేమిటో కింద చెబుతాను) మీరు వెతుకుతున్న మనుషులు దొరుకుతారు. ఇక అసలైనదా కాదా అన్నది సగం చెవికి తెలుస్తుంది, మిగతా సగం ఆ కళాకారుడు ఆల్బమ్ కింద రాసిన వివరంలో ఉంటుంది. మీ అటక మీది యంత్రం సంగతి చివర్లో చెబుతాను. అది మీరు అనుకునేదానికంటే విలువైనది కావచ్చు.

నేను వృత్తిరీత్యా ఆడియో పరికరాలు బాగుచేస్తాను. ఉద్యోగం మీద న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో, 2009 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన చిప్‌ట్యూన్ కచేరీల పండుగ బ్లిప్ ఫెస్టివల్‌కు ఒక సహోద్యోగి నన్ను తీసుకెళ్లాడు. వేదిక మీద ఒక మనిషి, అతని చేతిలో బూడిదరంగు గేమ్ బాయ్, దాని నుంచి మిక్సర్‌కు ఒక తీగ. అంతకు మించి ఏమీ లేదు. ఆ చిన్న పెట్టె నుంచి వచ్చిన మంద్రధ్వనికి కాళ్ల కింద నేల అదిరింది. మర్నాడే ఒక పాత గేమ్ బాయ్ కొన్నాను. అప్పటి నుంచి వాటిని బాగుచేస్తున్నాను, వాటి మీద పాటలు కడుతున్నాను. కింద రాసేది ఎక్కువగా గేమ్ బాయ్ గురించే ఉంటుంది, నా చేతికి బాగా తెలిసిన యంత్రం అదే కాబట్టి.

ముందు ఆ యంత్రంలో ఏముందో తెలియాలి. 1989లో వచ్చిన మొదటి గేమ్ బాయ్‌లో ఒకేసారి మోగగల గొంతులు నాలుగే. రెండు గొంతులు పల్స్ తరంగాలు, అంటే చతురస్రంగా లేచి పడే తరంగాలు. వాటి గుణాన్ని 12.5, 25, 50, 75 శాతం అని నాలుగు రకాలుగా మార్చవచ్చు. ఒక చక్రంలో ఎంత భాగం పైన ఉండాలో చెప్పే అంకె అది. మూడోది వేవ్ గొంతు. అందులో 32 మెట్లున్న తరంగాన్ని మనమే గీసుకోవచ్చు, ఒక్కో మెట్టుకు 16 ఎత్తులు మాత్రమే. నాలుగోది రొద. డప్పు, తాళం, పేలుడు అన్నీ దాని నుంచే రావాలి. ఈ ధ్వని భాగం రూపకల్పనలో పనిచేసిన హిరోకాజు తనాకా స్వయంగా గేమ్ సంగీత దర్శకుడు. సంగీతం తెలిసిన చేయి పడింది కాబట్టే ఇంత చిన్న యంత్రానికి స్టీరియో, గీసుకునే తరంగం దక్కాయని నా నమ్మకం. ఆయనే దశాబ్దాల తర్వాత, 2017లో, చిప్ తనాకా పేరుతో ‘జాంగో’ అనే ఆల్బమ్ విడుదల చేశారు.

ఆటల కోసం చేసిన ఈ యంత్రం సంగీత వాద్యంగా మారడానికి రెండు ప్రోగ్రాములు కారణం. 1998లో జర్మనీలో ఓలివర్ విట్చోవ్ నానోలూప్ చేశాడు. 2000 ప్రాంతంలో స్వీడన్‌లో యోహాన్ కోట్లిన్‌స్కీ లిటిల్ సౌండ్ డీజే చేశాడు, దాన్నే అందరూ ఎల్‌ఎస్‌డీజే అంటారు. రెండూ మామూలు గేమ్‌లాగే క్యాసెట్‌లో ఉంటాయి. దాన్ని గేమ్ బాయ్‌లో పెట్టి, నాలుగు దిశల గుండీ, మరో నాలుగు చిన్న గుండీలతోనే పాటంతా రాయాలి. ఎల్‌ఎస్‌డీజేలో 16 అడుగుల (ఒక్కో స్వరం పెట్టగల గళ్ల) చిన్న ముక్కను ఫ్రేజ్ అంటారు, కొన్ని ఫ్రేజ్‌లు వరుసగా కడితే చెయిన్, చెయిన్లను నాలుగు గొంతుల కింద నాలుగు నిలువు వరుసల్లో పేరిస్తే పాట. అంకెలన్నీ 0 నుంచి 9 దాటి ఏ, బీ, సీ అంటూ ఎఫ్ వరకు వెళ్లే లెక్కలో ఉంటాయి. మొదటి వారం విసుగు పుడుతుంది. మూడో వారానికి తెర చూడకుండా వేళ్లు నడుస్తాయి.

నాలుగే గొంతులున్నప్పుడు, మూడు స్వరాలు కలిసి మోగే గుచ్ఛాన్ని (ఇంగ్లిషులో కార్డ్) ఎలా వినిపిస్తారు? ఒకే గొంతులో ఆ మూడు స్వరాలను చాలా వేగంగా ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతారు. చెవి వాటిని కలిపి వింటుంది. ఈ సంగీతానికి గుర్తుగా మారిన ఆ గలగల శబ్దం ఇలా పుట్టిందే. ఎల్‌ఎస్‌డీజేలో సీ అనే ఆజ్ఞ పక్కన 47 అని రాస్తే మేజర్ గుచ్ఛం, 37 అని రాస్తే మైనర్ గుచ్ఛం. 47 అంటే మూల స్వరానికి నాలుగు, ఏడు స్వరస్థానాలు పైన. 37 అంటే మూడు, ఏడు స్వరస్థానాలు పైన అని అర్థం.

ఇక్కడ ఒక మాట అన్యాయం కాకూడదని చెబుతున్నాను. కంప్యూటర్‌లో చేసినదంతా నకిలీ అనకండి. చిప్‌ట్యూన్ అనే మాటే 1990 ప్రాంతంలో అమీగా కంప్యూటర్ల మీద పుట్టింది. అక్కడ ఆ పేరు పెట్టింది ధ్వని చిప్‌తో చేసిన పాటలకు కాదు, పాత చిప్‌లను గుర్తుచేసేలా బుల్లి తరంగాలతో చేసిన చిన్న ఫైళ్లకు. కాబట్టి ‘అసలైన చిప్‌ట్యూన్ ఇదొక్కటే’ అనే వాదనకు చరిత్రలో ఆధారం లేదు. మీరు అడిగింది మాత్రం వేరు: యంత్రం మీద చేసినది కావాలని. అది న్యాయమైన కోరిక. యంత్రం పాటను మారుస్తుంది, ఆ మార్పు వినిపిస్తుంది.

ఎలా వినాలి? గొంతులు లెక్కపెట్టండి. గేమ్ బాయ్ పాటలో మంద్రస్వరం, డప్పు కలిసి వచ్చే చోట జాగ్రత్తగా వినండి. బరువైన డప్పు దెబ్బను చాలామంది వేవ్ గొంతులోనే చేస్తారు, మంద్రస్వరం కూడా అందులోనే ఉంటుంది. అందుకని దెబ్బ పడిన ప్రతిసారీ మంద్రస్వరం ఒక్క క్షణం మాయమై తిరిగి వస్తుంది. మంచి కళాకారులు ఈ మాయమవడాన్ని లయగా వాడుకుంటారు. దెబ్బ, మంద్రం, రాగం, గలగల గుచ్ఛం, రొద తాళం, ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకోకుండా నిండుగా మోగుతూ ఉంటే అది ఒకే గేమ్ బాయ్ కాదు. రెండు గేమ్ బాయ్‌లను తీగతో కలిపి నడిపే పద్ధతి కూడా ఉంది, అప్పుడు ఎనిమిది గొంతులు వస్తాయి. అలా చేసినవాళ్లు ఆ సంగతి తప్పకుండా రాస్తారు.

తర్వాత ఎడమ, కుడి చెవులు చూడండి. గేమ్ బాయ్‌లో ఏ గొంతైనా ఎడమకు వెళ్తుంది, లేదా కుడికి, లేదా రెండింటికీ. ‘కొంచెం ఎడమకు’ అనేది ఆ యంత్రానికి తెలియదు. ఫామికామ్‌కు అసలు స్టీరియోనే లేదు.

పై స్థాయి శ్రుతి ఇంకో గుర్తు. దీని వెనుక లెక్క నాకు చాలా ఇష్టం, కాస్త ఓపిక పట్టండి. గేమ్ బాయ్ పల్స్ గొంతు పౌనఃపున్యం 1,31,072ను ఒక పూర్ణసంఖ్యతో భాగిస్తే వచ్చేది. కింది స్వరాల దగ్గర ఆ సంఖ్య పెద్దది, కాబట్టి మెట్లు సన్నగా ఉంటాయి, ఏ స్వరమైనా దాదాపు సరిగ్గా దొరుకుతుంది. పైకి వెళ్లేకొద్దీ మెట్లు దూరమవుతాయి. ఉదాహరణకు 2,093 హెర్ట్జ్ స్వరం కావాలనుకోండి. 63తో భాగిస్తే సుమారు 2,081, 62తో భాగిస్తే 2,114. మధ్యలో ఇంకేమీ లేదు. కావలసిన స్వరం యంత్రంలో లేదు! అందుకే గేమ్ బాయ్ పాటల్లో తారస్థాయి రాగం కొంచెం పులుపుగా వినిపిస్తుంది. అదే గొంతు కిందకు 64 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, అంతకంటే లోతు కావాలంటే వేవ్ గొంతే దిక్కు. ఈ హద్దులు తెలిశాక ఒక పాట వింటుంటే, ఈ మనిషి ఆ రాగాన్ని ఆ ఎత్తు దాటి ఎందుకు తీసుకెళ్లలేదో అర్థమవుతుంది.

ప్రతిధ్వని కూడా చెబుతుంది. యంత్రంలో ప్రతిధ్వని ఉండదు. అదే స్వరాన్ని కాస్త ఆలస్యంగా, తక్కువ గొంతుతో మళ్లీ వాయించి చేత్తో కట్టాలి. ఖాళీ దొరికిన ప్రతి అడుగులో ఇలాంటి నీడ స్వరాలు పెట్టడం ఒక విద్య. పెద్ద హాలులో మోగినట్టు నున్నగా వ్యాపించే ప్రతిధ్వని వినిపిస్తే అది తర్వాత స్టూడియోలో చేర్చినది.

మరి చెవి ఒక్కటే చాలదని ఎందుకన్నాను? రెండు కారణాలు. చాలామంది నిజమైన యంత్రం మీదే పాట కట్టి, ఒక్కో గొంతును విడివిడిగా రికార్డు చేసి, తర్వాత కంప్యూటర్‌లో కలుపుతారు. అప్పుడు పైన చెప్పిన ఎడమ, కుడి గుర్తు, ప్రతిధ్వని గుర్తు పనిచేయవు. అది మోసం కాదు, రికార్డింగ్ పద్ధతి మాత్రమే. రెండో కారణం, యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్లు ఇప్పుడు చాలా నమ్మకంగా తయారయ్యాయి. నేనే ఒకసారి నా పాట ఒకదాన్ని పాత బూడిదరంగు గేమ్ బాయ్ నుంచి, 1998 నాటి గేమ్ బాయ్ కలర్ నుంచి, కంప్యూటర్ ఎమ్యులేటర్ నుంచి మూడుసార్లు రికార్డు చేసి మిత్రులకు వినిపించాను. పాత గేమ్ బాయ్‌ను అందరూ గుర్తుపట్టారు, మంద్రం బరువుగా ఉండటం వల్ల, పాట ఆగాక వెనుక సన్నని గుయ్యిమనే హోరు మిగలడం వల్ల. కలర్‌ను, ఎమ్యులేటర్‌ను వేరుచేయడానికి మాత్రం తడబడ్డారు. హోరు ఎవరికైనా వద్దనిపిస్తుంది. అందుకే దాన్ని తగ్గించడానికి మేము లోపలి ఆంప్లిఫయర్‌ను దాటేసి, వాల్యూమ్ గుండీ దగ్గర నుంచే తీగలు లాగి వేరే సాకెట్‌కు కలుపుతాం. ఈ పని చేసిన యంత్రం శుభ్రంగా మోగుతుంది.

అందుకని వివరం చదవండి. యంత్రం మీద పనిచేసేవాళ్లు దాన్ని దాచుకోరు. ఏ యంత్రం, ఎన్ని యంత్రాలు, ఏ ప్రోగ్రాము, రికార్డింగ్ తర్వాత ఏం చేర్చారు అన్నది ఆల్బమ్ కింద రాస్తారు. కొందరు పాట ఫైలునే పంచుతారు. ఎల్‌ఎస్‌డీజే పాటను ఒక చిన్న ఫైలుగా బయటకు తీయవచ్చు. దాన్ని మీ గేమ్ బాయ్‌లో వేసుకుంటే ప్రతి ఆజ్ఞ, ప్రతి అడుగు కళ్ల ముందు కనిపిస్తుంది. ఒక గాయకుడు తన సాధన పుస్తకం మీ చేతికిచ్చినట్టు! నేను నేర్చుకున్నదంతా ఇలా ఇతరుల ఫైళ్లు తెరిచి చూసే. ‘పాత ఆటల స్ఫూర్తితో’ అని మాత్రమే రాసి ఆగిపోతే, అది బాగుండవచ్చు గానీ మీరు అడిగినది కాదు.

కొత్త విడుదలల విషయానికి వస్తే, ఈ వారం వచ్చిన పేర్ల జాబితా ఇవ్వను. మీరు చదివేసరికి అది పాతబడుతుంది. చెవికి కొలమానంగా ముందు కొన్ని వినండి, తర్వాత కొత్తవాటిని మీరే తూచగలరు. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన చిప్‌జెల్ 2013లో తెచ్చిన ‘స్పెక్ట్రా’ గేమ్ బాయ్ మీద డాన్స్ సంగీతం ఎంత నిండుగా ఉండగలదో చూపిస్తుంది. ‘సూపర్ హెక్సాగన్’ అనే ఆట ఆడినవాళ్లకు ఆమె సంగీతం ఇప్పటికే తెలుసు. డానిమల్ కానన్ 2016లో విడుదల చేసిన ‘లునేరియా’ నా దృష్టిలో గేమ్ బాయ్‌ను గిటారులా వాయించడానికి గీటురాయి. స్వరం నుంచి స్వరానికి జారే తీరు, వణుకు, ఊపిరి తీసుకున్నట్టు ఆగడం, అన్నీ ఆజ్ఞలతో రాసినవే. నేను దాన్ని మొదటిసారి విన్నప్పుడు పని ఆపి కూర్చున్నాను.

గేమ్ బాయ్ దాటి వెళ్తే కమోడోర్ 64 ఉంది. అది కంప్యూటరే గానీ, యూరప్‌లో ఒక తరం దాన్ని ఆటల యంత్రంగానే వాడింది. 1982లో బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ అనే ధ్వని చిప్ అందులో ఉంటుంది. గొంతులు మూడే, కానీ శబ్దంలో కొంత భాగాన్ని కోసి దాని గుణాన్ని మార్చే నిజమైన ఫిల్టర్ ఉంది. తయారీలో తేడాల వల్ల 6581 రకం సిడ్ చిప్‌లలో ఏ రెండింటి ఫిల్టరూ ఒకేలా మోగదు. తంబూరాకూ తంబూరాకూ నాదం వేరైనట్టే. హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్ అనే ఉచిత భాండాగారంలో ఈ చిప్ కోసం రాసిన పాటలు 50 వేలకు పైగా ఉన్నాయి, కొత్తవి చేరుతూనే ఉంటాయి. ప్రతి ఈస్టర్‌కు జర్మనీలోని సార్‌బ్రూకెన్‌లో రివిజన్ అనే సమావేశం జరుగుతుంది. అక్కడి పోటీలకు ఇలాంటి పాత యంత్రాల మీద తాజాగా చేసిన సంగీతం వస్తుంది. స్వీడన్ వాసి లినస్ ఓకెసన్ 2022లో రెండు కమోడోర్ 64లను మధ్యలో తిత్తితో కలిపి, నిజంగా వాయించగల అకార్డియన్ చేశాడు. ఈ రంగం పాత జ్ఞాపకాల చుట్టూనే తిరుగుతోందని ఎవరైనా అంటే నేను వాళ్లకు ఆ వీడియో చూపిస్తాను.

క్యాసెట్ ఆల్బములు వేరే లోకం. ఇవి రికార్డింగులు కావు. క్యాసెట్‌ను యంత్రంలో పెట్టి మీట నొక్కితే, మీ ఇంట్లోని చిప్ ఆ క్షణాన సంగీతాన్ని పుట్టిస్తుంది. జర్మన్ టెక్నో కళాకారుడు రిమ్యూట్ 2019లో ‘టెక్నాప్టిమిస్టిక్’ను సెగా మెగా డ్రైవ్ క్యాసెట్‌గా, 2020లో ‘ది కల్ట్ ఆఫ్ రిమ్యూట్’ను సూపర్ నింటెండో క్యాసెట్‌గా తెచ్చాడు. మెగా డ్రైవ్‌లో ఆరు గొంతుల ఎఫ్‌ఎమ్ చిప్ (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని వంచి ధ్వని పుట్టించేది) ఉంటుంది, దాని లోహపు గరుకుదనం టెక్నోకు అతికినట్టు సరిపోతుంది. సూపర్ నింటెండోలో ఎనిమిది గొంతులున్నా, శబ్దాల నమూనాలన్నీ 64 కిలోబైట్లలో ఇమడాలి. ఇప్పటి ఫోనులో ఒక చిన్న ఫొటో కూడా అంతకంటే పెద్దది. జపాన్‌లో 2016లో ‘8బిట్ మ్యూజిక్ పవర్’ పేరుతో ఫామికామ్ క్యాసెట్ ఆల్బమ్ వచ్చింది. ఫామికామ్ పుట్టింది 1983లో అని గుర్తుంచుకోండి. ఇలాంటివి కొద్ది సంఖ్యలో తయారవుతాయి, త్వరగా అయిపోతాయి. కొనాలనుకుంటే కళాకారుడి పేజీ నుంచే కొనండి. చేతులు మారినవాటి ధర చూస్తే గుండె గుభేలుమంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది నేను నష్టపోయి తెలుసుకున్నది. పాత తరహా క్యాసెట్లలో మీరు రాసిన పాట నిలిచేది లోపలున్న గుండీ బ్యాటరీ మీద ఆధారపడి. ఆ బ్యాటరీ అయిపోతే పాట పోతుంది, ముందు హెచ్చరిక ఉండదు. 2013లో ఎనిమిది నెలలు కూర్చుని కట్టిన ఒక పాట ఉండేది నాకు. మోహన రాగంలో మొదలై, చివర్లో రెండు పల్స్ గొంతులు స్వరకల్పనలా ఒకదానికొకటి జవాబు చెప్పుకునేవి. ఒక ఉదయం యంత్రం ఆన్ చేస్తే తెర మీద ఖాళీ వరుసలు. క్యాసెట్‌ను ఏ దుకాణంలో కొన్నానో అక్కడివాళ్లు బ్యాటరీ కొత్తదని చెప్పారు, తెరిచి చూస్తే పాతదే. ఆ పాటకు ఇప్పుడు మిగిలింది ఫోనులో యథాలాపంగా చేసిన నిమిషంన్నర రికార్డింగ్, వెనుక ప్రెషర్ కుక్కర్ ఈలతో సహా. దాన్ని ఇప్పటికీ వింటాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పాటలన్నిటినీ కంప్యూటర్‌లోకి తీసిపెడతాను. మీరు మొదలుపెడితే మొదటి రోజు నుంచే ఈ అలవాటు చేసుకోండి. మెమరీ కార్డు పెట్టుకునే కొత్త తరహా క్యాసెట్లు ఈ పనిని సులువు చేస్తాయి.

మోహన రాగం ప్రస్తావన వచ్చింది కాబట్టి, తెలుగువాళ్లు ఈ యంత్రం మీద ఏం చేయగలరని ఆలోచించేవారి కోసం ఒక చిట్కా. నాలుగే గొంతులున్నప్పుడు శ్రుతికి సా, పా రెండు గొంతులు కేటాయిస్తే పాటకు ఏం మిగులుతుంది? నేను చేసింది ఇది: వేవ్ గొంతులోని 32 మెట్లలో ఒక తరంగాన్ని రెండు చుట్లు, ఇంకొకదాన్ని మూడు చుట్లు వచ్చేలా కలిపి గీశాను. రెండుకు మూడు అంటే సా, పా మధ్య ఉన్న నిష్పత్తే. ఒకే గొంతులో రెండు స్వరాలూ, అదీ శుద్ధమైన పంచమంతో దొరికాయి. 16 ఎత్తులే ఉన్నందువల్ల వచ్చే గరుకుదనం తంబూరా జీవానికి దగ్గరగా ఉండటం నేను ఊహించని వరం. గమకాలకు ఎల్ అనే జారుడు ఆజ్ఞ, పీ అనే వంపు ఆజ్ఞ, వీ అనే కంపన ఆజ్ఞ ఉన్నాయి. అయితే వీ కంపనం యాంత్రికంగా ఉంటుంది, దాన్ని గమకంగా వాడితే వినలేం. ఎల్, పీలతో ప్రతి ఊపును విడిగా రాయాలి. ఒక్క గాంధారం మీద ఒక సాయంత్రం గడిచిపోతుంది. తొందరపడకండి.

యంత్రం కొనేటప్పుడు రెండు మాటలు. పాత గేమ్ బాయ్ తెర మీద నిలువు గీతలు మాయమై ఉంటే భయపడకండి, తెర అంచు దగ్గరి రిబ్బన్ అతుకు వదులై ఉంటుంది. చేయి తిరిగినవాళ్లు తక్కువ వేడితో తిరిగి అతికిస్తారు. వాల్యూమ్ తిప్పితే బరబరమంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తే చాలు. సెల్స్ పెట్టే చోట పచ్చటి చిలుము బోర్డు దాకా పాకి ఉంటే మాత్రం వదిలేయండి. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, కచేరీకి కొత్త సెల్స్ వేయండి. నా కోఠి గుజరాతీ గల్లీ తిరుగుడంతా సాకెట్లు, తీగలు, కెపాసిటర్ల కోసమే. గేమ్ బాయ్ విడిభాగాలు అక్కడ దొరుకుతాయనుకోవద్దు, అవి విదేశాల నుంచి తెప్పించుకోవలసిందే.

ఇక మీ అటక మీది యంత్రం. 1990లలో మన ఇళ్లలో టీవీకి తగిలించి మారియో, కాంట్రా ఆడిన ఆ ‘క్యాసెట్ వీడియో గేమ్’ దాదాపు ఎప్పుడూ ఫామికామ్ నకలే. అసలు ఫామికామ్‌లో ఉండేది రికో సంస్థ 2ఏ03 చిప్: రెండు పల్స్ గొంతులు, ఒక త్రికోణ తరంగం, ఒక రొద, చిన్న రికార్డు ముక్కలు వినిపించే ఇంకో గొంతు. నకలు చిప్‌లూ అవే ఇస్తాయి, రెండు తేడాలతో.

మొదటిది, చాలా నకలు చిప్‌లలో పల్స్ గుణాలు తారుమారయ్యాయి. 25 శాతం ఉండవలసిన చోట 50, 50 ఉండవలసిన చోట 25. సన్నగా ముక్కుతో పలకవలసిన రాగం బోలుగా, వేణువులా వినిపిస్తుంది. రెండోది వేగం. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 తెరలు గీస్తే, పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిలో నడిచే మన టీవీలు 50 గీస్తాయి. ఆటల సంగీతం తెర లెక్కన నడుస్తుంది కాబట్టి, పాల్ కోసం చేసిన నకలు యంత్రంలో అదే పాట ఆరింట ఐదు వంతుల వేగంతో సాగుతుంది. శ్రుతి మాత్రం పెద్దగా దిగదు, చిప్ గడియారం దాదాపు అంతే వేగంతో నడుస్తుంది కాబట్టి.

దీని అర్థం ఒకసారి ఆలోచించండి. మీరూ నేనూ వేసవి సెలవుల్లో గంటలకొద్దీ విన్న మారియో పాట, జపాన్ పిల్లలు విన్న పాట ఒకటి కాదు. మనది నెమ్మదైనది, దాని గొంతు వేరు. ఇప్పుడు యూట్యూబ్‌లో ఆ పాట విని ‘ఏదో తేడాగా ఉందే’ అనుకున్న తెలుగువాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల జ్ఞాపకం తప్పు కాదు. ఆ ధ్వనితో ఎవరైనా కొత్త పాటలు కట్టి విడుదల చేస్తే వినాలని నాకు ఎంతో కోరిక. నాకు తెలిసిన ఆల్బములన్నీ అసలు యంత్రాల మీద చేసినవే. మన నకలు యంత్రానికి తనదైన గొంతు ఉంది, అది మన బాల్యపు గొంతు కూడా.

కాబట్టి దాన్ని పారేయకండి. వెంటనే కరెంటుకూ తగిలించకండి. పాత అడాప్టర్ రాసినదానికంటే ఎక్కువ వోల్టేజీ ఇస్తుండవచ్చు, ముందు మీటరుతో కొలవండి. తర్వాత అడుగు భాగం స్క్రూలు విప్పి బోర్డు చూడండి. నల్లటి తారు బొట్టు లాంటిది మాత్రమే కనిపిస్తే అన్నీ ఒకే చిప్‌లో ఇమిడ్చిన తర్వాతి కాలపు యంత్రం, దానితోనూ పాటలు వినవచ్చు, కానీ మార్పులు చేయడం కష్టం. రెండు వరుసల కాళ్లున్న 40 కాళ్ల పెద్ద చిప్‌లు రెండు కనిపిస్తే మీ అదృష్టం. వాటిలో ఒకటి ధ్వనిని పుట్టించేది, దాని కాళ్ల నుంచే నేరుగా శబ్దం బయటకు తీసుకోవచ్చు, టీవీ తీగలో కలిసే రొద ఉండదు. మెత్తటి రబ్బరుతో క్యాసెట్ రాగి పళ్లు తుడిచి, ఒక పాత క్యాసెట్ పెట్టి పనిచేస్తోందో లేదో చూడండి. ఫామికామ్ తరహా 60 కాళ్ల క్యాసెట్ పట్టే యంత్రమైతే, మెమరీ కార్డుతో నడిచే ఫామికామ్ క్యాసెట్లు చాలావాటిలో పనిచేస్తాయి. వాటితో కంప్యూటర్‌లో ఫామిట్రాకర్ అనే ప్రోగ్రాము మీద కట్టిన పాటను మీ యంత్రం మీదే మోగించవచ్చు.

ఆ రెండు చిప్‌ల మీద ముద్రించిన అంకెలు స్పష్టంగా కనబడేలా ఒక ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. చిప్ అంకె చూస్తే పల్స్ గుణాలు తారుమారైన రకమా కాదా, శబ్దం ఏ కాలి నుంచి తీయాలి అన్నది చెప్పగలను.